మూడో మాటకీ లేవని కొర్లయ్య

అనగనగా ఒక ఊరు. ఎంతకాలం కిందట అని మాత్రం అడక్కండి. మా అమ్మమ్మకి వాళ్ల అమ్మమ్మ చెప్పేనాటికే ఇది పాత కథ. అప్పుడు ఏలిన రాజెవరో ఎవరికీ గుర్తు లేదు. సముద్రం మాత్రం ఇప్పుడున్నచోటే ఉండేదట.

ఆ సముద్రం ఒడ్డున కొటారుపాలెం అనే ఊరు. ఊరంతటికీ ఒకటే పని, ఉప్పు పండించడం. కాలవ తవ్వి సముద్రపు నీళ్లు మడుల్లోకి పెట్టేవారు. ఎండకి నీళ్లు ఇగిరిపోయి అడుగున ఉప్పు పేరుకునేది. దాన్ని పొడుగు కర్రకి బిగించిన చెక్క పలకతో లాగి, గంపలకెత్తి, గట్టు మీద కుప్పలు పోసి, తాటాకు కప్పేవారు. తాటాకు కప్పేలోపు వాన పడిందా, అంతే సంగతులు. ఏడాది తిండి కళ్లముందే కరిగి, వచ్చిన దారినే సముద్రంలోకి పోతుంది.

అందుకని ఆ ఊరివాళ్లకి ఖాళీ చేతులంటే భయం. ఆ భయం ముదిరి ముదిరి అసహ్యం అయింది. వీధిలో నడిచేవాడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. గంపో, పలకో, అదీ లేకపోతే తాడు పేనే కొబ్బరి పీచో. ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీద చేరి ఊసులాడుకుంటుంటే నాలుగు చేతులూ తాడు పేనుతూనే ఉండేవి. ఒక పెళ్లికొడుకు పీటల మీద కూర్చుని కూడా పీచు ఒళ్లో పెట్టుకుని పేనాడట. తాళి కట్టే వేళకి పెద్దలు బతిమాలితే పక్కన పెట్టాడట. చావు ఇంటికి వెళ్లినా అంతే. నోటితో ఏడుపు, చేతితో తాడు. ఏడుస్తూ తాడు పేనేవాళ్లని మీరెక్కడైనా చూశారా? నేనైతే ఈ కథలోనే విన్నాను.

ఊరికే కూర్చున్నవాణ్ణి తిట్టడానికి వాళ్ల దగ్గరున్నన్ని మాటలు ఇంకే ఊళ్లోనూ ఉండవు. సోమరి అనేవారు. సోమరిపోతు అనేవారు. బద్ధకిష్టి, పనిదొంగ, ఒళ్లు వంగనోడు, తిండికి ముందు పనికి వెనక. కూర్చుంటే సోమరి, పడుకుంటే సోమరిపోతు. పడుకుని ఆవలించాడా, ఇంక మాటల్లేవు, చీపురుకట్టే. వాటికి ఎదురు మాటలూ అన్నే ఉండేవి. కష్టజీవి, పనిమంతుడు, చురుకైనవాడు, రెక్కలు ముక్కలు చేసుకునేవాడు. వాళ్ల లెక్కలో మనుషులు రెండే రకాలు. చేతిలో పని ఉన్నవాళ్లు మంచివాళ్లు. లేనివాళ్లు సోమరులు.

తిట్లతో ఆగితే బాగుండేది. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. దాన్ని మూడు మాటలు అనేవారు.

ఎవడైనా ఖాళీ చేతులతో కూర్చుంటే, దారినపోయేవాళ్లు మొదటి మాట అనాలి. "సేతులు ఖాళీయేటి?" అప్పటికీ లేవకపోతే ఇంకొకరు రెండో మాట అనాలి. "ఒల్లు బరువేటి?" అప్పటికీ లేవకపోతే ఊరిపెద్ద వచ్చి, పదిమందీ చూస్తుండగా మూడో మాట అనాలి. "గంప ఎత్తండి!" అంతే. నిండు గంప ఉప్పు తెచ్చి వాడి నెత్తిన కుమ్మరించి, ఊరి పొలిమేర దాటించేస్తారు. ఆ తరవాత వాడికి ఆ ఊళ్లో నిప్పూ లేదు, నీరూ లేదు. వాడి ముఖం ఎవరూ చూడరు.

మూడో మాట దాకా వెళ్లినవాడు అప్పటికి ఎవడూ లేడు. మొదటి మాటకే అందరూ ఉలిక్కిపడి లేచేవారు. ఒక్కడు తప్ప. వాడే మన కొర్లయ్య.

కొర్లయ్య ముసలివాడు. పిల్లాజెల్లా లేరు. ఊరి మధ్య ఉప్పు కొట్టు ముందు ఒక అరుగు ఉండేది. తెల్లారితే చాలు, దాని మీద కాళ్లు ముడుచుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒట్టి చేతులు! మొదటి మాటకి లేచేవాడు కాదు, నవ్వేవాడు. రెండో మాటకి "ఉమ్మ్" అంటూ లేచి, పక్కనున్న ఖాళీ గంప ఎత్తుకుని, అరుగు ఆ కొస నుంచి ఈ కొసకి నడిచి, గంప దింపి మళ్లీ కూర్చునేవాడు. లేచాడు కాబట్టి మూడో మాట అనడానికి లేదు. కట్టు కట్టే కదా! ఊరంతా పళ్లు కొరుక్కునేది.

అతను పుట్టు సోమరి ఏమీ కాదు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు. ఒక ఏడు అతని భార్య నూకాలుకి జ్వరం వచ్చింది. అదే వేళకి మబ్బు పట్టింది. ఊరంతా మడుల్లోకి పరుగెత్తింది. కొర్లయ్యా పరుగెత్తాడు. ఊళ్లో ఒక్క మనిషి మిగల్లేదు. సాయంత్రం వచ్చి చూస్తే నూకాలు గడప మీద బోర్లా పడి ఉంది. చేతిలో ఖాళీ చెంబు ఉంది. నీళ్ల కోసం ఎంతమందిని పిలిచిందో, ఎంతసేపు పిలిచిందో వినడానికి ఒక్కరూ లేరు. ఆ మర్నాడు కొర్లయ్య వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. మళ్లీ పలక ముట్టలేదు.

"పెల్లాం పోయిన దుక్కం. నాలుగు రోజులు పోతే ఆడే లెగుత్తాడు" అన్నారు ఊరివాళ్లు. నాలుగు రోజులు కాదు, నలభై ఏళ్లు పోయినా లేవలేదు.

ఇప్పుడు చిత్రం వినండి. పొద్దున్న తిట్టినవాళ్లే మధ్యాహ్నానికి అతని దగ్గరికి వచ్చేవారు.

బంగారి అని ఒకామె ఉండేది. ఎండు చేపలు అమ్ముకునేది. చేపలు చాప మీద ఆరబోసి మడుల్లోకి పోవాలి. పోతే కాకులు ఊరుకుంటాయా, పిల్లులు ఊరుకుంటాయా? చాప తెచ్చి అరుగు ముందు పరిచేసేది.

"మావా, కాస్త సూస్తుండు. నువ్వెలాగూ ఖాళీయే కదా!"

"ఖాళీయేనమ్మా. కూకుంటాను" అనేవాడు కొర్లయ్య.

పోలయ్య అని ఒకడు ఉండేవాడు. అతని తల్లికి కళ్లు కనిపించవు. ఒంటరిగా ఉంటే ఆవిడకి భయం, గోడలతో మాట్లాడుకునేది. పోలయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టేసేవాడు.

"బావా, మా యమ్మకి కాస్త పలుకు ఇస్తుండు. నువ్వెలాగూ ఖాళీయే కదా!"

"ఖాళీయేనయ్యా. కూకుంటాను" అనేవాడు కొర్లయ్య.

ముత్యాలు అని ఒక పిల్ల ఉండేది. ఊరిపెద్ద అసిరమ్మ కూతురు. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. ఆ ఊళ్లో బాలింతయినా నెల తిరిగితే మడుల్లో దిగాల్సిందే. చంటిదాన్ని ఎక్కడ పడుకోబెట్టాలి? తల్లి చూడకుండా తెచ్చి కొర్లయ్య ఒళ్లో పెట్టేసేది.

"తాతా, దీన్ని ఒక్క కునుకు తియ్యనీ. నువ్వెలాగూ ఖాళీయే కదా!"

"ఖాళీయేనే పిల్లా. కూకుంటాను" అనేవాడు కొర్లయ్య.

తల్లి చూడకుండా ఎందుకంటారా? అసిరమ్మకి కొర్లయ్య పేరెత్తితే ఒళ్లు మంట. ఆవిడ ఆ ఊళ్లో అందరికంటే ముందు లేచేది, అందరికంటే వెనక పడుకునేది. కూర్చుని అన్నం తినగా చూసినవాళ్లు లేరు. ఆవిడ కూతురితో గట్టిగా చెప్పింది.

"ఇదిగో, ఆ సోమరిపోతు ఒళ్లో నా మనవరాల్ని ఎట్టావంటే నేనూరుకోను. సోమరితనం గజ్జిలాంటిది, అంటుకుంటాది. పసిగుంటకి మరీ బేగి అంటుకుంటాది."

అసిరమ్మ ఊరి కోసమే పాటుపడేది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ అరుగు మీద రోజంతా ఏం జరుగుతోందో ఆవిడకి తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆగి చూస్తే కదా!

ఇలా ఉండగా ఒక వేసవి వచ్చింది. అంత ఉప్పు ఎన్నడూ పండలేదు. గట్ల మీద కుప్పలే కుప్పలు. అవి ఇంకా కప్పలేదు. ఒక పొద్దున్న, కాలం కాని కాలంలో, సముద్రం మీద నల్లటి మబ్బు లేచింది.

"మబ్బు! మబ్బు!" అని కేకలు పడ్డాయి. ఇంక చూడండి, ఊరు ఊరంతా తాటాకు మోపులెత్తుకుని మడుల వైపు పరుగు.

ముత్యాలు చంటిదాన్ని ఎత్తుకుని అరుగు దగ్గరికి పరుగున వచ్చింది. కొర్లయ్య ముఖం ఆ రోజు పాలిపోయి ఉంది. గుండె మీద చెయ్యి వేసుకుని రుద్దుకుంటున్నాడు. పాపం, ఆ పిల్లకి అది చూసే తీరిక ఎక్కడిది?

"తాతా, పాలు తాగి ఇప్పుడే తొంగుంది. కదిపితే లెగిసి ఏడుస్తాది. అమ్మ ఇంటాది. నానొచ్చేదాకా లెగవకు."

"ఈ యేల రెండో మాటకి కూడా లెగవకూడదేటి?" అని నవ్వాడు కొర్లయ్య.

"లెగవకు తాతా. నీకు దండం ఎడతాను."

"సరేనే. నువ్వొచ్చేదాకా లెగను. ఎల్లు."

ఆ పిల్ల వెళ్లిపోయింది. కొర్లయ్య చంటిదాన్ని ఒళ్లో సర్దుకుని, ఎండ తగలకుండా పైన తన తువ్వాలు కప్పి, ముందుకి వంగి కూర్చున్నాడు. రెండు చేతులూ తువ్వాలు కింద దాని చుట్టూ వేశాడు. చూసేవాళ్లకి ముసలివాడు మోకాళ్లలో తల పెట్టుకుని కునుకుతున్నట్టే ఉంది.

ఆ రోజు కొర్లయ్య లేస్తే పిల్ల లేస్తుంది. లేవకపోతే తనకి ఊరు లేకుండా పోతుంది. నలభై ఏళ్లలో ఎన్నడూ రాని చిక్కు ఆ రోజు వచ్చింది.

కాస్సేపటికి బంగారి అటు పరుగెత్తింది. నెత్తిన తాటాకు మోపు, ఒళ్లంతా చెమట. అరుగు వైపు చూసింది. ఊరు మునిగిపోతుంటే ఈ ముసలాడు కునుకు తీస్తున్నాడా! ఒళ్లు మండిపోయింది.

"సేతులు ఖాళీయేటి?" అని అరిచింది.

కొర్లయ్య పలకలేదు. నవ్వనూ లేదు. బంగారి ఆగలేదు, వెళ్లిపోయింది.

ఇంకాస్సేపటికి పోలయ్య అటు పరుగెత్తాడు. రెండు భుజాల మీదా తాళ్లు. అరుగు వైపు చూశాడు.

"ఒల్లు బరువేటి?" అని అరిచాడు.

కొర్లయ్య పలకలేదు. లేవనూ లేదు. పోలయ్య నిలబడి నోరు వెళ్లబెట్టాడు. నలభై ఏళ్లలో రెండో మాటకి లేవని రోజు లేదు. ఎంత పొగరు! ఆ మాటే మడుల్లోకి మోసుకెళ్లి అసిరమ్మకి చెప్పాడు.

"అప్పా, కొర్లయ్య రెండో మాటకి లెగనేదు. తల కూడా ఎత్తనేదు."

అసిరమ్మ చేతిలో పలక కింద పడేసింది. అసలే మబ్బు మీదికి వస్తోంది. అసలే మనుషులు చాలడం లేదు.

"ఊరు సచ్చిపోతన్నాదిరా ఇక్కడ! ఆడికి నిద్దరా! ఈ యేలతో ఈడి పీడ వదిలిపోవాల. రండి!"

అని ఎదురుగా ఉన్న నిండు గంప తనే ఎత్తుకుని కదిలింది. వెనకాల పదిమంది. వాళ్ల వెనకాల ఇరవైమంది. కోపంలో ఉన్నప్పుడు మనుషులకి తీరిక ఎక్కడినుంచి వస్తుందో మరి! ఆనాడు నూకాలు నీళ్లకి పిలిస్తే పలికే తీరిక లేనివాళ్లకి, తిట్టడానికి మాత్రం బోలెడంత దొరికింది. ముత్యాలు దూరపు మడిలో ఉంది, ఆ పిల్లకి ఇదేమీ తెలియదు.

అసిరమ్మ అరుగు ముందు నిలబడింది.

"కొర్లయ్యా, లెగుతావా నేదా?"

పలుకు లేదు.

"పదిమందిలో అడుగుతున్నాను, లెగుతావా నేదా?"

పలుకు లేదు.

"ఆకరిసారి అడుగుతున్నాను, లెగుతావా నేదా?"

గాలికి తువ్వాలు అంచు కదిలింది. అంతే. అసిరమ్మ గంప పైకెత్తింది.

"గంప ఎత్తండి!" అనే మూడో మాట తనే అంది, గంపా తనే కుమ్మరించింది.

నిండు గంప ఉప్పు! ఆ గళ్లుప్పు నెత్తి మీద పడి, మెడ మీంచి జారి, వీపు మీంచి జారి, రెండు పక్కలా కుప్పలుగా పడింది. కొర్లయ్య దులుపుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కళ్లలో ఉప్పు పడితే రాయైనా కదులుతుంది కదా, అతను కదల్లేదు. అందరి నవ్వులూ సగంలో ఆగిపోయాయి.

అప్పుడు వినపడింది. అతని ఒళ్లోంచి, ఉప్పు కిందినుంచి, చంటిపిల్ల ఏడుపు.

అసిరమ్మ చేతిలో గంప జారిపోయింది. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పాలా? "నా మనవరాలు! ఓలమ్మో, నా మనవరాలు!" అంటూ అరుగు మీద పడి రెండు చేతులతో ఉప్పు గోకింది. తువ్వాలు లాగింది. తువ్వాలు వచ్చింది. కొర్లయ్య చేతులు రాలేదు.

ఆ రెండు చేతులూ చంటిదాని చుట్టూ కంచె కట్టినట్టు బిగుసుకుని ఉన్నాయి. వంగిన వీపు మీద గంపెడు ఉప్పు పడింది గానీ, కింద ఉన్న పిల్ల మీద చిటికెడు పడలేదు. కాళ్లు కొట్టుకుంటూ, ఎర్రటి నోరు తెరిచి ఏడుస్తోంది. అసిరమ్మ ఆ చేతులు పట్టుకుని లాగింది. అవి చల్లగా ఉన్నాయి.

"ఈ సేతులేటి ఇలాగున్నాయి?" అంది అసిరమ్మ. "పోలయ్యా, ఈ సేతులేటిరా ఇలాగున్నాయి?"

పోలయ్య వంగి ముసలివాడి ముఖంలోకి చూశాడు. చూసి వెనక్కి తూలాడు.

చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. కొర్లయ్య ఎప్పుడో పోయాడు. వాళ్లు చచ్చిపోయిన మనిషిని తిట్టారు. చచ్చిపోయిన మనిషిని లేవమన్నారు. చచ్చిపోయిన మనిషి నెత్తిన ఉప్పు పోశారు. ఊరు ఊరంతా ఎదురుగా నడిచి వెళ్లి కూడా, బతికి ఉన్నాడా లేదా అని ఒక్కరూ వంగి చూడలేదు.

ఇద్దరు మగవాళ్లు కలిసి లాగినా ఆ చేతులు విడలేదు. పిల్ల ఏడుస్తోంది. ఈలోగా ఎవరో చెబితే మడుల్లో మిగిలినవాళ్లంతా వచ్చారు. ముత్యాలు దూరపు మడిలోంచి పడుతూ లేస్తూ వచ్చింది. ఉప్పు చూసింది, తల్లిని చూసింది, తాతని చూసింది. అరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

"తాతా, నానొచ్చేసాను. ఇంక లెగు."

అంతే. ఆ చేతులు సడలాయి. వాటంతట అవే సడలాయి. పిల్ల తల్లి ఒళ్లోకి జారింది. కొర్లయ్య నెమ్మదిగా పక్కకి ఒరిగిపోయాడు. మీరు నమ్మినా నమ్మకపోయినా, చూసినవాళ్లు చెప్పిన మాట ఇది.

అప్పుడే వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు. గట్ల మీద సగం కుప్పలకి తాటాకు లేదు. ఎవరూ కదల్లేదు. ఏడాది తిండి కరిగి కాలవల్లో పోతుంటే, ఊరు ఊరంతా కొయ్యబారి ఆ అరుగు ముందు నిలబడిపోయింది. కొటారుపాలెం పుట్టాక అన్ని చేతులు ఒక్కసారే ఖాళీగా ఉండటం అదే మొదలట.

బంగారి అడిగింది. "నానన్నప్పుడు బతికే ఉన్నాడంటారా?"

దానికి ఏమని చెబుతారు? బతికి ఉంటే, ఆ ముసలివాడు ఆఖరున విన్న మాట "సేతులు ఖాళీయేటి" అన్నదే. ఒళ్లో పసిగుడ్డుని పెట్టుకుని ఆ మాట వింటూ పోయాడు. బతికి లేకపోతే, శవాన్ని చూసి కూడా పోల్చుకోలేక తిట్టి వెళ్లింది. రెండింట్లో ఏది మేలో బంగారికి తెలియలేదు. పోలయ్యకీ తెలియలేదు. అసిరమ్మ అసలు అడగనే లేదు. తన చేతులకి అంటిన ఉప్పు వంక చూసుకుంటూ వానలో నిలబడిపోయింది.

ఆ చావుకి ఎవరూ తాడు పేనలేదు.

మర్నాడు పొద్దున్న తిప్పలు మొదలయ్యాయి. బంగారి చాప పరిచి అటు తిరిగేలోపు చేపలన్నీ కాకుల పాలు. పోలయ్య తల్లి గోడ పట్టుకుని అరుగు దాకా వచ్చి, "కొర్లయ్యా, ఉన్నావా? కొర్లయ్యా, ఉన్నావా?" అని పిలుస్తూనే ఉంది. జరిగింది ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చంటిపిల్లలు ఇళ్లల్లో గుక్కపెట్టి ఏడుస్తున్నారు. మడుల్లోకి దిగినవాళ్లు దిగినట్టే ఇంటికి పరుగు. ఇన్నాళ్లూ ఊరంతా పని చేయగలిగింది దేనివల్లనో ఆ రోజు తెలిసొచ్చింది. ఒకడు ఊరికే కూర్చున్నాడు కాబట్టి చేయగలిగింది.

అప్పుడు అసిరమ్మ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో గంప లేదు, పలక లేదు, పీచు లేదు. వచ్చి అరుగు మీద, గుడ్డి ముసలమ్మ పక్కన కూర్చుంది. ఊరు నివ్వెరపోయి చూసింది.

"ఎవలది?" అంది ముసలమ్మ.

"నానే పెద్దమ్మా, అసిరమ్మని."

"నీకు కూకునే తీరికెక్కడిదే? కొర్లయ్య ఏడీ?"

అసిరమ్మ చెప్పింది. ఏదీ దాచలేదు. మూడు మాటలూ చెప్పింది, గంపా చెప్పింది. ముసలమ్మ కొర్లయ్య కూర్చునే చోటు చేత్తో తడిమి చూసింది.

"మీరందరూ సురుకైనోల్లే" అంది. "కాదన్ను. కానీ సోమరంటే కూకున్నోడు కాదే అసిరమ్మా. ఎదురుంగా నడిసి ఎల్తా, ఒంగి సూడ్డానికి ఒల్లు బరువైనోడే సోమరి. నాకు కల్లు నేవు. ఉంటే నాను సూసుందును."

అసిరమ్మ ఏడ్చింది. గట్టిగా, ఊరందరూ వినేలాగే ఏడ్చింది. ఏడ్చి, ముఖం తుడుచుకుని, సాయంత్రం దాకా ఆ అరుగు మీదినుంచి లేవలేదు. కాకుల్ని తోలింది. ముసలమ్మకి పలుకు ఇచ్చింది. ముగ్గురు చంటిపిల్లల్ని జోకొట్టింది. ఖాళీగా కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి ఆ రోజే తెలిసింది. మడిలో నడుం వంచిన ఏ రోజూ అంత అలిసిపోలేదట.

ఆ ఏడు ఊరు పస్తులుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గంజి పోస్తే తాగారు. గంజి తాగుతూనే పాత కట్టు మార్చుకున్నారు.

కొటారుపాలెంలో ఈనాటికీ రోజుకి ఒక ఇంటి వంతు ఉంటుందట. ఆ ఇంటినుంచి ఒకరు వచ్చి అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చోవాలి. మబ్బు పట్టినా లేవకూడదు. ఊరిపెద్దకైనా వంతు తప్పదు. ఆ రోజంతా వాళ్లు ఆడవాళ్లయినా మగవాళ్లయినా, అందరూ వాళ్లని కొర్లయ్య అనే పిలుస్తారు. "ఈ యేల మా ఇంటి కొర్లయ్య ఎవలు?" అని పొద్దున్నే పిల్లలు పోట్లాడుకుంటారు.

మూడు మాటలు కూడా ఉన్నాయి, కాకపోతే మాటలు మారాయి. ఎవరైనా ఒక్కరే కూర్చుని కనిపిస్తే మొదట "బాగున్నావా?" అనాలి. తరవాత "తిన్నావా?" అనాలి. మూడోది "నానూ కూకోనా?" అనాలి. ఇవి దూరంనుంచి అరిస్తే చెల్లవు. దగ్గరికి వెళ్లి, వంగి, భుజం మీద చెయ్యి వేసి అడగాలి. అవతలివాళ్లు పలికేదాకా ఆ చెయ్యి తియ్యకూడదు. అడగకుండా దాటిపోయినవాణ్ణే అక్కడ సోమరి అంటారు, వాడు ఎంత బరువు మోస్తున్నా సరే.

కథ కడలికి, మనం కుంపటికి. లేవండి, పొద్దుపోయింది.

అన్నట్టు, ఆ గోడవార కూర్చున్న పెద్దాయన ఎవరర్రా? ఇందాకటినుంచీ చూస్తున్నాను, తల వంచుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఎవరన్నా ఒకరు వెళ్లి భుజం మీద చెయ్యి వేయండి. పలికేదాకా తియ్యకండి.